గోల్‌కీపర్ మెడ ఎముక

1991 ఆఖర్లో, గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న నన్ను బౌషర్‌లోని ఒక పెద్ద ఆస్పత్రి నుంచి బాతినా తీరంలో ఉన్న సహం ఊరికి బదిలీ చేశారు. హోదా సీనియర్ రేడియోగ్రాఫర్. పేరు బరువుగా ఉంటుంది గానీ, ఆ చిన్న ఆస్పత్రిలో పేషెంటును నిలబెట్టేదీ నేనే, బటన్ నొక్కేదీ నేనే, డార్క్ రూమ్‌లో నిలబడి ఫిల్మ్ కడిగేదీ నేనే. మాది కడప. ఇంట్లో దక్నీ, వీధిలో తెలుగు, డ్యూటీలో ఇంగ్లీషు, అరబ్బీ కలగలిపి మాట్లాడి నా ఉద్యోగకాలమంతా వెళ్లదీశాను.

మా వృత్తి గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఎక్స్-రే తీయడం వరకే రేడియోగ్రాఫర్ పని. దాన్ని చదివి ఫలానా ఎముక విరిగిందని చెప్పే అధికారం డాక్టరుది. ఫిల్మ్‌లో ఏం కనిపించినా సరే, పేషెంటు ముందు మా నోట్లోంచి మాట రాకూడదు, ముఖంలో రంగు మారకూడదు. ట్రైనింగ్‌లో మొదటి వారమే ఇది నేర్పుతారు. సహంలో ఒక ఉదయం ఆ నియమాన్ని పాటించడం నాకు ఎంత కష్టమైందో ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ఎస్తెబాన్ అనే గోల్‌కీపర్ ఉండేవాడు. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశస్థుడు. ముప్పై దాటిన మనిషి, ద్వారబంధాన్ని నింపేంత భుజాలు, చాటల్లాంటి అరచేతులు. చేపల మార్కెట్లో అతను నడిచి వెళ్తుంటే దుకాణాలవాళ్లు "యా హారిస్" అని కేకేసేవారు. అరబ్బీలో హారిస్ అంటే కాపలాదారు, గోల్‌కీపర్‌ని అలాగే అంటారు. కొమ్ముతో చేసిన ఒక కప్పులో ఏదో ఆకు పొడి వేసి, చల్లటి నీళ్లు పోసుకుని, ఇత్తడి గొట్టంతో పీలుస్తూ తిరిగేవాడు. వాళ్ల దేశంలో అది మన టీ లాంటిదట.

నేను క్రికెట్ మనిషిని. ఫుట్‌బాల్ నాకు తెలియదు. అయినా శుక్రవారం సాయంత్రాలు మా రూమ్‌లోని కడప దర్జీలు పట్టుబట్టి లాక్కెళ్లడంతో అతని ఆట కొన్నిసార్లు చూశాను. ఎదుటి జట్టువాడు బంతితో దూసుకొస్తే మిగతా గోల్‌కీపర్లు రెండు అడుగులు వెనక్కి వేస్తారు. ఇతను గోల్ వదిలేసి ముందుకు ఉరికి, తల ముందు పెట్టి వాడి కాళ్ల మీదికి దూకేవాడు. బూట్లు తగులుతాయన్న భయమే లేదు. జనం పిచ్చెక్కిపోయేవారు. మా దర్జీ ఒకతను, "వీడు మనిషేనా బాషా భాయ్, గొర్రెపొటేలా?" అన్నాడొకసారి.

మరుసటి సంవత్సరం, ఎండలు కాస్త తగ్గుముఖం పట్టిన రోజుల్లో, జట్టు సెమీఫైనల్‌కు చేరింది. ఆ వారంలోనే ఒక ఉదయం ఎస్తెబాన్ మా ఆస్పత్రికి వచ్చాడు. తన పికప్ తానే నడుపుకుంటూ వచ్చాడు. పక్కన జట్టు మేనేజర్ సాలిం. ముందురోజు ప్రాక్టీసులో ఒకడి మోకాలు తగిలిందని, ఎడమ భుజం నొప్పిగా ఉందని, చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పాడు. క్యాజువాలిటీ డాక్టరు భుజానికీ మెడకీ ఎక్స్-రే రాసి నా దగ్గరికి పంపాడు.

భుజం ఫిల్మ్‌లు ముందు తీశాను. బాగానే ఉన్నాయి. తర్వాత మెడను పక్కనుంచి తీయాలి. మెడ కింది ఎముకలు భుజాల వెనక దాక్కుంటాయి కాబట్టి, నడవగలిగిన పేషెంటునైతే స్టూల్ మీద కూర్చోబెట్టి, రెండు చేతుల్లోనూ ఇసుక సంచులు పట్టిస్తాం. ఆ బరువుకి భుజాలు కిందికి దిగుతాయి. అప్పటి పద్ధతి అదే. ఎస్తెబాన్ ఆ సంచుల్ని పిల్లల బొమ్మల్లా పైకీ కిందికీ ఆడించి, "ఇంతేనా? ఇంకా లేవా?" అని నవ్వాడు. ఊపిరి బిగబట్టమన్నాను. బటన్ నొక్కాను. అలాగే కూర్చోమని చెప్పి, ఫిల్మ్ ఉన్న కాసెట్ పట్టుకుని డార్క్ రూమ్‌లోకి వెళ్లాను.

కడిగే మెషిన్ అవతలి కొస నుంచి ఫిల్మ్ వెచ్చగా బయటికొచ్చింది. వ్యూబాక్స్ మీద, అంటే వెనక నుంచి దీపం వెలిగే తెల్లటి అద్దం మీద పెట్టి చూశాను.

ఇక్కడ మెడ నిర్మాణం కొంచెం చెప్పాలి. పుర్రె కింద ఉండే మొదటి ఎముక ఉంగరంలా ఉంటుంది. రెండో ఎముక మీద పంటిలాంటి కొస ఒకటి పైకి లేచి, ఆ ఉంగరంలో మేకులా దిగి ఉంటుంది. మనం తల తిప్పేది ఆ మేకు ఆధారంగానే. దాని వెనకే, వేలెడు దూరం కూడా లేకుండా, వెన్నుపాము కిందికి పోతుంది. మన ఊపిరి, కాళ్లు, చేతులు అన్నీ ఆ తాడు మీదే నడుస్తాయి.

ఎస్తెబాన్ ఫిల్మ్‌లో ఆ మేకు మొదట్లోనే తెగిపోయి ఉంది. తెగిన ముక్కా, ఉంగరం ఎముకా, వాటితో పాటు మొత్తం తలా ముందుకు జారి ఉన్నాయి. వెన్నుపాముకి మిగిలిన సందు చూస్తే నా అరికాళ్లు చల్లబడ్డాయి. అలాంటి ఫిల్మ్‌లు అంతకుముందు నేను చూడలేదని కాదు. హైవే మీద కారు బోల్తా పడ్డవాళ్లవి చూశాను. వాళ్లలో చాలామంది నా టేబుల్ మీదికి వచ్చేసరికే ఊపిరి అందక నీలంగా ఉండేవారు, లేదా గుడ్డ కప్పి తెచ్చేవారు. ఈ ఫిల్మ్‌లోని మనిషి ఇప్పుడే ఇసుక సంచులు ఊపుతూ నాతో నవ్వాడు.

తలుపు తోసుకుని బయటికి వచ్చాను. ఎస్తెబాన్ స్టూల్ మీంచి లేచాడు. బనియన్ తలమీంచి తొడుక్కుంటున్నాడు. తల బయటికి రాగానే, ఆటగాళ్లు మెటికలు విరుచుకునే పద్ధతిలో, ఒక చెయ్యి గడ్డం కింద పెట్టి మెడను పక్కకు తిప్పబోయాడు.

"లా!" అని అరిచాను. వద్దు అని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను ఆగిపోయాడు. నేను ఖాళీ స్టూల్ మీదికెక్కి, రెండు అరచేతులూ అతని దవడల కింద, వేళ్లు చెవుల వెనక పెట్టి తలను పట్టుకున్నాను. నా చేతుల్లో అతని తల బరువు తెలిసింది. ఆ బరువంతా దేని మీద ఆగి ఉందో నాకొక్కడికే తెలుసు.

సాలింకు కోపం వచ్చింది. "యా బాషా, ఏం చేస్తున్నావు? ఏముంది ఆ ఫిల్మ్‌లో?"

"అది డాక్టరు చెప్తారు. ఆయన వచ్చిందాకా నేను చేతులు తియ్యను," అన్నాను.

"సెమీఫైనల్ ఉందని తెలుసా నీకు?"

"తెలుసు."

ఎస్తెబాన్ మాత్రం నా కళ్లలోకి చూస్తున్నాడు. ముఖంలో రంగు మారకూడదన్న నియమం అప్పుడు నేనెంత పాటించానో నాకు తెలియదు. అతని నవ్వు మెల్లగా ఆరిపోయింది.

మా నర్సు మేరీ సిస్టర్ నా కేక విని పరుగెత్తుకొచ్చింది. ఆమెది తణుకు దగ్గర పల్లె. స్టూలెక్కి పేషెంటు తల పట్టుకుని ఉన్న నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అయ్య బాబోయ్! ఏమైందండీ బాషా గారూ?"

ఆ గదిలో తెలుగు మా ఇద్దరికే తెలుసు. అది ఆ రోజు పనికొచ్చింది. "మేరీ సిస్టరూ, అరవొద్దు, మామూలుగా వినండి. మెడ రెండో ఎముక తెగిపోయింది. తల ముందుకు జారింది. గట్టి కాలర్, స్ట్రెచర్ తెప్పించండి. ఉస్మాన్ డాక్టర్ సాబ్ ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే మధ్యలోనైనా పిలవండి."

"తెగిపోతే ఇలా నించున్నాడేంటండీ మనిషి?" అంది ఆమె. అంటూనే కాలర్ కోసం పరుగెత్తింది.

కాలర్ తొడిగి, నలుగురం కలిసి దుంగను దొర్లించినట్టు ఒక్క కట్టుగా అతన్ని స్ట్రెచర్ మీదికి చేర్చాం. తలకు రెండు వైపులా అవే ఇసుక సంచులు పెట్టి, నుదుటి మీదుగా పట్టీ బిగించాం. అప్పుడు గానీ నేను చేతులు దింపలేదు. దింపాక అవి నా మాట వినలేదు.

డాక్టర్ ఉస్మాన్ సూడాన్ దేశస్థుడు, ఎముకల సర్జన్, మా ఆస్పత్రిలో అందరికంటే పెద్ద. ఎప్పుడూ తొందరపడని మనిషి. థియేటర్ టోపీతోనే వచ్చి వ్యూబాక్స్ ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత ఫిల్మ్ మూల మీద ఉన్న పేరూ, నంబరూ వేలు పెట్టి చదివాడు.

"ఇది వేరేవాళ్లది కాదు కదా?"

"కాదు డాక్టర్ సాబ్. ఈ ఉదయం నేను తీసిన మెడ ఇదొక్కటే."

"అంబులెన్స్‌లో వచ్చాడా?"

"పికప్ నడుపుకుంటూ వచ్చాడు. నడిచి లోపలికొచ్చాడు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంత పెద్ద డాక్టరు ఒక ఫిల్మ్ చూసి కూర్చోవడం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. పడుకున్న మనిషిని కదిలించకుండా స్ట్రెచర్ పక్కనుంచి ఇంకో ఫిల్మ్ తీయమన్నాడు. తీశాను. అదే ఎముక, అలాగే తెగి ఉంది. అప్పుడు ఆయన పెన్సిల్ మొనతో ఆ తెగిన చోటు నాకు చూపించాడు. కొత్తగా విరిగిన ఎముక అంచులు పగిలిన పింగాణీలా పదునుగా ఉంటాయి. ఇవి నున్నగా, గుండ్రంగా, తెల్లగా గట్టిపడి ఉన్నాయి.

"ఇది నిన్నటి దెబ్బ కాదు బాషా. ఏళ్ల నాటిది. అతుక్కోలేదు. నిన్నటి దెబ్బకి ఇంకాస్త జారిందంతే."

ఏళ్ల నాటిది అన్న మాట నా తలకెక్కడానికి టైం పట్టింది. అంటే మేం శుక్రవారాలు చప్పట్లు కొట్టి చూసిన ప్రతి దూకుడూ ఈ తెగిన మేకు మీదే జరిగింది.

డాక్టరు వెళ్లి ఎస్తెబాన్‌కు సంగతంతా ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. సాలిం నమ్మలేదు. సెమీఫైనల్ ఒక్కటి ఆడించి తర్వాత ఏ వైద్యమైనా చేయిద్దామని, నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వమని అడిగాడు. అతను చెడ్డవాడు కాదు. ఊరంతా అతని మీద పడి ఉంది. డాక్టరు గొంతు పెంచకుండానే, "శుక్రవారం రాత్రి ఇతను బతికి ఉండాలా వద్దా? అది చెప్పు, దాన్నిబట్టి రాస్తాను," అన్నాడు. సాలిం తలపాగా తీసి చేతిలో పట్టుకుని, గోడవారన నేల మీద కూర్చుండిపోయాడు.

ఎస్తెబాన్ అడిగింది ఒకటే. "పాతదంటున్నారు. ఎన్నేళ్లు?"

"చెప్పలేను. చాలా ఏళ్లు. ఎప్పుడైనా పెద్ద దెబ్బ తగిలి చేతులు చచ్చుబడ్డాయా?" అన్నాడు డాక్టరు.

ఎస్తెబాన్ పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతుంటే మేరీ సిస్టర్ దూదితో తుడిచింది. నొప్పికేమో అనుకున్నాం.

ఇలాంటి మెడకు ఆపరేషన్ బౌషర్‌లోనే చేయాలి. అంబులెన్స్‌లో మేరీ సిస్టర్ తల దగ్గర కూర్చుంది. ఫిల్మ్‌లు అక్కడి ఎక్స్-రే విభాగంలో స్వయంగా అప్పగించి, దారిలో తల కదలకుండా చూడమని డాక్టరు నన్నూ పంపాడు. డ్రైవర్ బలూచీ పెద్దాయన. ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ బండిని దాదాపు ఆపి, "బిస్మిల్లా" అని ఎక్కించేవాడు. ఆ కాస్త ఎగుడుదిగుడుకే మా ఇద్దరికీ ఊపిరి ఆగేది.

సువైక్ దాటాక ఎస్తెబాన్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు, అరబ్బీ ముక్కలు కలిపి చెప్పాడు. నేను విన్నది నా మాటల్లో చెబుతున్నాను.

అతని తండ్రి పెద్ద నది మీద జనాన్ని దాటించే బోటు నడిపేవాడు. ఎస్తెబాన్ అరచేతులు చిన్నప్పటి నుంచే పెద్దవి కావడంతో ఊరి జట్టులో గోల్‌లో నిలబెట్టారు. అక్కడి నుంచి రాజధానిలో పెద్ద క్లబ్బు, ఆపైన దేశ జట్టులో రెండో గోల్‌కీపర్. ఇంకొక్క మెట్టెక్కితే మొదటివాడు. ఆ సమయంలో, ఎనభైల మధ్యలో, వాళ్ల క్లబ్బు ఒక ఫైనల్ ఆడింది. ఎత్తుగా వచ్చిన బంతి కోసం ఇతను ఎగిరాడు. సొంత జట్టు డిఫెండర్ రామోన్ వెనక్కి నడుస్తూ అదే బంతికి ఎగిరాడు. రామోన్ తల ఇతని గడ్డానికి కింది నుంచి తగిలింది. పడిపోయాడు. ముఖం మీద చల్లటి నీళ్లు కొట్టారు. లేచాడు. మెడ కాస్త పట్టేసినట్టుంది తప్ప పెద్ద నొప్పేం లేదు. చేతులు మాత్రం ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

కొద్దిసేపటికి ఒక బంతి దొర్లుతూ వచ్చింది. బడి పిల్లలు ఆపే బంతి. చూశాడు, వంగాడు, పట్టుకోబోయాడు. చేతులు కదల్లేదు. బంతి కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. ఆ గోల్‌తోనే ఓడిపోయారు.

ఆట అయ్యాక మైకులు ముందు పెట్టి ఏం జరిగిందని అడిగారు. అతను ఉన్నది చెప్పాడు: "బంతిని చూశాను. చేతులు రాలేదు."

ఆ మాటే అతని గొంతుకు ఉరి అయింది. ఆటను అమ్ముకున్నాడన్నారు. బజారులో పిల్లలు చేతులు వేలాడేసి, "రాలేదు, రాలేదు" అంటూ అతని వెంటపడేవారు. రెండు రోజుల్లో తిమ్మిరి తగ్గిపోవడంతో క్లబ్బు డాక్టరుకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. మెడకు ఎవరూ ఎక్స్-రే తీయలేదు. తండ్రి బోటెక్కిన జనం ఆయన మొహానే వెక్కిరించేవారు. ఒక సాయంత్రం తండ్రి బోటు కట్టేసి వచ్చి, "నాకొక్కడికి చెప్పు. అమ్ముకున్నావా?" అని అడిగాడు.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"లేదన్నాను. మరి ఎందుకు పట్టుకోలేదని అడిగాడు. నాకే తెలియదు, ఏం చెప్పను? భయపడ్డానని చెప్పాను. దొంగ కంటే పిరికివాడు నయం కదా, సదీక్."

సదీక్ అంటే మిత్రుడు. అప్పటిదాకా అతను నన్నలా పిలవలేదు.

"చెప్పీ చెప్పీ నేనూ అదే నమ్మాను," అన్నాడు. "భయపడ్డాననే నమ్మాను. అందుకే ఆ తర్వాత ఏ జట్టుకి ఆడినా తల ముందు పెట్టి దూకాను. భయం లేదని చూపించడానికి."

నేను తెలుగులో చెప్పింది విని మేరీ సిస్టర్ దూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేసింది. "విరిగిన మెడతోనా? అన్నేళ్లూ అలాగే దూకాడా?" అని తెలుగులో నన్నడిగింది. నేను తలూపాను.

ఆపరేషన్ జరిగింది. తుంటి నుంచి కొంచెం ఎముక తీసి, మొదటి రెండు మెడ ఎముకల మధ్య పెట్టి, సన్నటి తీగతో బిగించారు. అవి రెండూ ఒకే ఎముకగా అతుక్కునేదాకా పుర్రెకు లోహపు వలయం బిగించి, దాన్ని ఛాతీ చుట్టూ ఉన్న కవచానికి కడ్డీలతో కలిపారు. ప్రాణం దక్కింది, చేతులూ కాళ్లూ దక్కాయి. తల తిప్పడం మాత్రం సగం పోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఇక ఆట లేదు. సెమీఫైనల్లో సహం జట్టు ఓడిపోయింది. దాని గురించి ఎవరూ అతని దగ్గర ఎత్తలేదు. సాలిం సెలవు పెట్టుకుని మరీ వచ్చి అతని మంచం పక్కన కూర్చునేవాడు.

అతను కోలుకుంటున్నప్పుడు ఒక పేచీ వచ్చింది. మెడ ఎముక ఆ ఫైనల్ రోజునే విరిగిందని రాసివ్వమని సర్జన్‌ను అడిగాడు. సర్జన్ కుదరదన్నాడు. "ఏళ్ల కిందట విరిగి, అతుక్కోని ఎముక" అని మాత్రమే రాశాడు. ఎస్తెబాన్ మండిపడి, సహం వచ్చాక ఫిల్మ్ తెచ్చి నా ముందు పడేసి, "నువ్వు చూశావు కదా, నువ్వు రాయి," అన్నాడు. నాకు ఆ అధికారం లేదన్నాను. అధికారం ఉన్నా రాయలేనని కూడా అన్నాను. ఎముక విరిగిందని తెలుస్తుంది, పాతదని తెలుస్తుంది, ఏ రోజున అన్నది ఎముక మీద రాసి ఉండదు. అతను ఫిల్మ్ తీసుకుని, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

డాక్టర్ ఉస్మాన్‌కు ఈ సంగతి చెబితే ఆయన, "చేతులు రాలేదని అతను దేశమంతటికీ చెప్పాడు. వెన్నుపాము నలిగితే జరిగేది సరిగ్గా అదే. అది విన్నవాళ్లలో ఒక్కడైనా డాక్టరు ఉండే ఉంటాడు," అన్నాడు.

కవచం తీసేశాక జట్టు అతన్ని గోల్‌కీపర్లకు కోచ్‌గా పెట్టుకుంది. తర్వాతి వేసవిలో తన దేశానికి సెలవు మీద వెళ్లి వచ్చాడు. వచ్చిన వారంలోనే చెకప్ ఫిల్మ్ కోసం నా గదిలోకి వచ్చాడు. కోపం పోయినట్టుంది. టేబుల్ మీద పడుకుని, నేను ఎక్స్-రే ట్యూబు సరిచేస్తుండగా తనే చెప్పాడు.

ఇంటికెళ్లగానే ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పట్టుకుని తండ్రికి చూపించాడట. ముసలాయన చాలాసేపు చూసి, "మరి భయపడ్డానని నాతో ఎందుకన్నావు?" అని అడిగాడట. ఎస్తెబాన్ మరునాడు ఫిల్మ్ పట్టుకుని రామోన్ దగ్గరికి వెళ్లాడు. రామోన్ ఆట మానేసి రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. ఇతను ఫిల్మ్ తీయబోతే రామోన్ చెయ్యి అడ్డం పెట్టి, "అక్కర్లేదు. నాకు ఆ చప్పుడు వినిపించింది," అన్నాడు.

నేను ట్యూబు వదిలేసి అతని వైపు తిరిగాను. "ఏమన్నాడూ?"

"నా తల నీకు తగిలినప్పుడు లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది అన్నాడు. నువ్వు లేచావు కదా, లేచినవాడికేమవుతుందిలే అనుకున్నానన్నాడు. తర్వాత జనమంతా నన్ను తిడుతుంటే, ఈ మాట చెబితే ఓడగొట్టింది తనే అంటారని ఊరుకున్నాడట."

"అన్నేళ్లూ తెలుసా వాడికి?"

"అన్నేళ్లూ."

నాకు వాడెవడో తెలియదు, ముఖం కూడా చూడలేదు. అయినా ఒళ్లంతా వేడెక్కింది. ఫిల్మ్ చూసిన రోజున కాళ్లు చల్లబడ్డాయి గానీ, దానికి ఎముక కారణం, ఎముక మీద కోపం రాదు. ఎస్తెబాన్‌ను మాత్రం నేను మళ్లీ మళ్లీ అడిగాను: మరి నువ్వేం చేశావు, వాణ్ణి ఏమన్నావు అని.

ఏమీ అనలేదట. వెంట రమ్మన్నాడట. రామోన్ దుకాణం మూసి వచ్చాడు. ఇద్దరూ నది దగ్గరికి వెళ్లారు. బోటు ఒడ్డుకు చేరి జనం దిగేదాకా ఆగి, రామోన్ ఆ చప్పుడు సంగతి ముసలాయనకు తన నోటితో చెప్పాడు. ఆయన పూర్తిగా విని, రామోన్‌ను ఒక్క మాట అనకుండా, తాడు విప్పి అవతలి ఒడ్డుకు బోటు తిప్పాడు. కొడుకును ఎక్కమన్నాడు. రామోన్‌ను ఎక్కమనలేదు. అంతే జరిగింది. ఏ పేపర్లోనూ రాలేదు. పేపర్లకు చెప్తానని రామోన్ అన్నా ఎస్తెబాన్ వద్దన్నాడట.

"ఎందుకు వద్దన్నావు?"

"వినాల్సినవాడు విన్నాడు," అన్నాడు. "ఫిల్మ్ తియ్యి, సదీక్. పిల్లలు గ్రౌండులో ఎదురుచూస్తున్నారు."

తీశాను. తీగ గట్టిగా ఉంది. రెండు ఎముకలూ ఒకటిగా అతుక్కున్నాయి.

తొంభైల మధ్యదాకా అతను సహంలోనే ఉన్నాడు. కుర్చీ వేసుకుని కూర్చుని, ఒళ్లంతా తిప్పుతూ గోల్‌కీపర్లకు ఆట నేర్పేవాడు. కాళ్ల మీదికి తల ముందు పెట్టి దూకినవాణ్ణి ఆ రోజుకి గ్రౌండు బయటికి పంపేసేవాడని సాలిం చెప్పేవాడు. తర్వాత తన దేశం వెళ్లిపోయాడు. నేను ఇంకొన్నేళ్లు సహంలోనే చేసి, మళ్లీ బౌషర్‌కు మారి, అక్కడే రిటైర్ అయ్యాను.

ఆ కేసు వల్ల నా పని పద్ధతి ఒకటి మారింది. పేషెంటు నడిచి వచ్చాడన్నది అతని మెడ గురించి నాకేమీ చెప్పదని తెలుసుకున్నాను. ఆ తర్వాత మెడకు దెబ్బ తగిలిందని ఎవరొచ్చినా, నవ్వుతూ వచ్చినా సరే, పడుకోబెట్టే మొదటి ఫిల్మ్ తీశాను. ఆ ఫిల్మ్ డాక్టరు చూసేదాకా లేవనివ్వలేదు. బరువులు పట్టించడం దాని తర్వాతే. దీనివల్ల ప్రతి కేసుకూ ఆలస్యం అయ్యేది. బయట వరసలో ఉన్నవాళ్లు విసుక్కునేవారు, నా కింద పనిచేసినవాళ్లు చాటుగా నవ్వుకునేవారు. మిగిలిన సర్వీసంతా అలాగే చేశాను. ఆ పద్ధతిలో, నడిచి వచ్చినవాళ్లలో నాకు ఇంకో విరిగిన మెడ ఒక్కటి కూడా దొరకలేదు. అయినా పద్ధతి మార్చలేదు.